నాయిన మోకు, గద్దల లెక్క

మా ఇంట్లో మంచం కింద ఒక రేకుపెట్టె ఉంది. పోయిన నెల దాకా దాని అడుగున, పాత చీరల కింద, మా నాయిన మోకు చుట్ట చుట్టి ఉండేది. ఇప్పుడది అందులో లేదు. అయినా మూత ఎత్తితే చాలు, వాసన గుప్పుమంటుంది. తోలు వాసన, ఎండిన నార వాసన, వాటికి పట్టిన పులిసిన కల్లు వాసన, అన్నింటి కింద ఎక్కడో మా నాయిన చెమట వాసన. మా కోడలు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "అత్తమ్మా, పెట్టెల ఎలుక గిట్ట సచ్చిందేమో జర చూడున్రి" అంటుంది. చూస్తాలే అంటాను. చూడను. మూత తెరిచిపెట్టుకుని కాసేపు అక్కడే కూర్చుంటాను.

మోకు అంటే తాటిచెట్టెక్కే మనిషి తన నడుముకూ చెట్టుకూ కలిపి వేసుకునే తాడు. నార పేని, వీపుకు ఆనే చోట తోలు కుట్టి చేస్తారు. పైకి వెళ్లాక దాని మీదికి ఒరిగి, రెండు చేతులూ వదిలేసి గీత గీస్తాడు. అంత ఎత్తున మనిషికి ఉన్న దిక్కు అదొక్కటే. మాది కల్లుగీత ఇల్లు. కేసముద్రం స్టేషన్లో దిగి, మార్కెట్ యార్డు దాటి, మిరపచేల మధ్య నుంచి రెండు గంటలు నడిస్తే మా ఊరు వచ్చేది. ఊరి వెనక నల్లగుట్ట, గుట్ట కింద తాటివనం. డెబ్బయ్యో దశకం చివర్లో నేను బడికి పోయినదానికంటే ఆ వనంలో తిరిగిందే ఎక్కువ. పంతులు కూడా పెద్దగా పట్టించుకునేవాడు కాదు, సాయంత్రమైతే ఆయనా మా వనానికే వచ్చేవాడు మరి.

శివరాత్రి జాగారాలు అయిపోయి, చలి చెప్పకుండా వెళ్లిపోయి, మోదుగులు ఆకులన్నీ రాల్చుకుని ఎర్రగా పూసే రోజులు నాకు ఏడాది మొత్తంలో ఇష్టమైన రోజులు. మేడారం జాతర జరిగిన ఏడైతే మా ఇంట్లో ఇంకా బెల్లం ముక్కలు మిగిలి ఉండేవి, అమ్మ వాటిని కుండలో దాస్తే చీమలూ నేనూ పోటీపడి కనిపెట్టేవాళ్లం. పొద్దున్నే జొన్నగటుకలో పచ్చిపులుసు పోసుకుని తిని, మధ్యాహ్నానికి ఎండు మోదుగాకులో చుట్టిన సర్వపిండి ముక్క ఒకటి పట్టుకుని, లాగు జేబు లేని ఆడపిల్లను గనుక పరికిణీ అంచులో చింతగింజలు మూటకట్టుకుని గుట్టెక్కేదాన్ని. ఆ చింతగింజలు ఆడుకోవడానికి కావు, గద్దలను లెక్కపెట్టడానికి.

చలికాలమంతా మా చెలకల మీద, చెరువు వెనక బీళ్ల మీద ఎక్కడెక్కడో చెదిరి ఉండే పెద్ద గద్దలు ఆ రోజుల్లో ఉత్తరానికి మళ్లేవి. ఎక్కడికి పోతాయో మాకు తెలియదు. హిమాలయాలు దాటి అవతలి గడ్డిభూముల దాకా పోతాయని చాలా ఏళ్ల తర్వాత మా అబ్బాయి పుస్తకంలో చదివాను. మా నాయినకు తెలిసింది ఒక్కటే, అవి నల్లగుట్ట మీదుగానే పోతాయని. పొద్దున తొమ్మిదింటికి గుట్ట బండ కాగడం మొదలుపెట్టగానే కింద నుంచి వేడిగాలి లేచేది. ఎక్కడెక్కడివో గద్దలు వచ్చి ఆ గాలిలో పడి, రెక్క ఆడించకుండా గిర్రగిర్ర తిరుగుతూ పైకి పైకి పోయి, మెడ నొప్పి పుట్టేంత ఎత్తుకు చేరాక ఒకదాని వెనక ఒకటి ఉత్తరం దిక్కుకు జారిపోయేవి. రాత్రి ఆగాల్సివస్తే మా వనంలోనే ఆగేవి. వాటి కోసం మా వాళ్లు ఒక చెట్టును గీయకుండా వదిలేసేవారు. దాన్ని గద్దల తాడు అనేవాళ్లం, మా దిక్కు తాటిచెట్టును తాడనే అంటారు. దయతో మాత్రమే కాదు, గద్దలు వాలే వనంలో ఎలుకలూ ఉడతలూ కల్లు పట్టే లొట్టిల జోలికి రావు.

లెక్క పెట్టడం మా తాత పెట్టిన అలవాటట. ఏటా ఎన్ని గద్దలు పోయాయో చూసుకుని, అవి పోవడం ఆగిపోయిన రోజున ఎండాకాలం గీత మొదలైనట్టు లెక్క. మా నాయిన ఆ అలవాటును పిచ్చి దాకా తీసుకుపోయాడు. గుట్టకు అన్నిటికంటే దగ్గరున్న పొడవాటి చెట్టును ఆఖరుకు ఉంచుకుని, సరిగ్గా బండ కాగే వేళకు దాని మీదికి చేరేవాడు. నేను గుట్ట మీద, ఆయన చెట్టు మీద. ఆయన చూసిన ప్రతి గద్దకూ కత్తి పిడితో తాటిమట్ట మీద ఒక దెబ్బ కొట్టేవాడు. టక్. నేను చూసిన ప్రతి గద్దకూ ఒక చింతగింజను బండ మీద పెట్టేదాన్ని. దిగి వచ్చాక రెండు లెక్కలూ కలిపి చూసుకునేవాళ్లం. మొదట్లో నావి ఎప్పుడూ ఎక్కువే వచ్చేవి.

"గిర్ర తిరిగేటప్పుడు లెక్కపెడుతానవు నువ్వు. తిరిగేటియి మళ్ల మళ్ల కనవడ్తయి. పోయేటప్పుడు లెక్కపెట్టాలె బిడ్డా. లైన్ కట్టి పోతయి సూడు, అప్పుడు" అనేవాడు నాయిన.

ఆ తర్వాత నా లెక్క తప్పలేదు. మా అమ్మకు మాత్రం ఇదంతా ఒళ్లు మంట. "ఒకడు చెట్టు మీద, ఒకతి గుట్ట మీద. గద్దలు మీకేమన్న బువ్వ వెడ్తయా?" అని వాకిట్లో నిలబడి ఊరందరికీ వినబడేట్టు అరిచేది. మేము తలలు వంచుకుని తినేసేవాళ్లం.

ఇంకో మాట చెప్పకపోతే తర్వాతి సంగతి అర్థం కాదు. గీత ఇళ్లలో ఒక కట్టడి ఉంది, నడక నేర్వకముందే నేర్పుతారు. చెట్టు మీద ఉన్న మనిషిని పిలవకూడదు. ఇల్లు తగలబడుతున్నా సరే, ఎవరైనా చచ్చిపోయినా సరే, చెట్టు మొదట్లో నోరు మూసుకుని నిలబడి, ఆ మనిషి కాలు నేలకు ఆనాకే చెప్పాలి. మా నాయినమ్మ పోయినరోజు మా అమ్మ అలాగే చెట్టు కింద నిలబడిందట, చెంగు నోట్లో కుక్కుకుని. అందుకే నాయినా నేనూ మాట్లాడుకునేది ఆ టక్ టక్‌లతోనే, అదీ ఆయన వైపు నుంచే. నేను పలికేదాన్ని కాదు.

మోకు పేనేది మా పెదనాయిన, నాయినకు సొంత అన్న. మోకాలు దెబ్బతిని చెట్లెక్కడం తగ్గించాక ఆయనకు అదే పని. డోర్నకల్ దిక్కు ఊళ్ల నుంచి కూడా గీసేవాళ్లు వచ్చి ఆయన దగ్గరే పేనించుకునేవారు. కొత్త మోకు తయారైతే నలుగురు మగవాళ్లు పట్టుకుని వేలాడాలి, ఆ తర్వాత పేనిన మనిషే ఆ కుంటికాలుతో దాన్ని వేసుకుని ముందు చెట్టెక్కి దిగాలి. అప్పుడే అవతలివాడి చేతికి ఇచ్చేవాడు. "నేను ఎక్కి దిగిన మోకు ఇది" అనేవాడు, అంతకంటే ఏమీ చెప్పేవాడు కాదు. ఆయన నవ్వితే బీడీ మరకల పళ్లు కనబడేవి, నన్ను "గద్దల సర్కారు" అని పిలిచేవాడు.

నాకు పదేళ్లు. ఉగాదికి ఇంకా మూడు రోజులున్నాయి. అమ్మ పచ్చడికి కొత్తకుండ తెచ్చి బోర్లించింది, బచ్చాలకు శనగపప్పు ఏరుతోంది. ఆ పొద్దున గద్దలు ఆలస్యంగా లేచాయి. పంతొమ్మిది గింజలు పెట్టాను. ఇక అయిపోయాయేమో అనుకుంటుండగా, వనం అవతల నుంచి, నాయిన వీపు వెనక నుంచి వచ్చాయి. అన్నేసి నేనెప్పుడూ చూడలేదు. వంతులవారీగా కాదు, ఆకాశం ఆ మూల నుంచి ఈ మూల దాకా, తాటి తలల మీద ఎంత కిందుగా అంటే ముక్కుల పసుపు కనబడేటంత కిందుగా వస్తున్నాయి. నాయిన చెట్టు వైపు ముఖం పెట్టి, ఎండుమట్ట ఒకటి అడ్డం వస్తే మోకు విప్పి దాని పైకి మార్చుకుంటున్నాడు. టక్ మనలేదు. ఆయన చూడడం లేదు. ఇంత పెద్ద లెక్క ఆయనకు దక్కకుండా పోతుందే అని నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"నాయినా! నీ ఎనుక సూడే!" అని అరిచాను.

ఆయన తిరిగాడు.

నా కేక నాకు ఇప్పటికీ వినబడుతుంది. ఆయన పడ్డ చప్పుడు మాత్రం ఎంత గుర్తు చేసుకున్నా రాదు. దిగి వచ్చేసరికి చెట్టు మొదట్లో వెల్లకిలా ఉన్నాడు, కళ్లు తెరిచే ఉన్నాయి, మోకు ఒక కొస ఇంకా మణికట్టుకు చుట్టుకునే ఉంది. దానికి ఏమీ కాలేదు. నేను దాన్ని చూశాను, ఆయన నన్ను చూశాడు. ఆయనే మాట్లాడాడు, మెల్లగా, ఒక్కో మాట ఏరుకుంటూ.

"నువ్వు పిలువలే బిడ్డా. ఇన్నవా? నువ్వు పిలువనే లేదు. మోకు తెగింది. దీన్ని తీస్కపోయి ఎవలికి దొరకకుంట దాసిపెట్టు. ఉరుకు."

ఉరికాను. గుట్ట మీద వాన పడని బండ సందు ఒకటి ఉండేది, నా చింతగింజలు అందులోనే పెట్టుకునేదాన్ని. మోకును అందులోకి తోసి రాయి అడ్డం పెట్టాను. అక్కడి నుంచి చూస్తే కింద మనుషులు గుమికూడుతున్నారు, మా అమ్మ గట్టు మీద పడుతూ లేస్తూ వస్తోంది. తల మీద గద్దలు ఇంకా పోతూనే ఉన్నాయి. ఆ రోజు మొత్తం ఎన్ని పోయాయో ఎవరికీ తెలియదు.

నాయినను మంచం మీద మోసుకుని కేసముద్రం పోయి, ప్యాసింజర్ బండిలో వరంగల్లు పెద్ద దవాఖానకు తీసుకుపోయారు. ప్రాణం దక్కింది, నడుము కింద భాగం దక్కలేదు. ఎలా పడ్డావని ఎవరడిగినా ఆయన ఒకటే చెప్పాడు, మోకు తెగిందని. బిడ్డ కేకేస్తే తండ్రి చెట్టు మీంచి పడ్డాడని ఊళ్లో మాట పుడితే అది నన్ను అత్తగారింటి దాకా వెంటాడుతుందని, మా అమ్మే నన్ను కడుపులో పెట్టుకోలేకపోతుందని ఆయనకు తెలుసు. చెట్టు మొదట్లో, విరిగిన నడుముతో, అంతవరకు ఆలోచించాడు. అంతకు మించి ఒక్క అడుగు ఆలోచించలేకపోయాడు. మోకు తెగితే తప్పు ఎవరిదవుతుందన్నది ఆయనకు అప్పుడు తట్టలేదు.

మూడోరోజు పెదనాయిన దవాఖానకు వచ్చి మంచం కాళ్ల దిక్కున కూర్చున్నాడు.

"తమ్మీ, ఏడ తెగింది? తోలు కాడ్నా, ముడి కాడ్నా?"

"యాదికి లేదన్నా" అని నాయిన కళ్లు మూసుకున్నాడు.

ఆ తర్వాత పెదనాయిన ఆ చెట్టు కింద వెతకడం మొదలుపెట్టాడు. కుంటుకుంటూ వచ్చి ముళ్లపొదలు కర్రతో తప్పించి చూసేవాడు, గొర్లకాపరులను ఆపి అడిగేవాడు. "తెగిన ముక్క దొరికితె సాలు, ఏడ తప్పు వోయిందో సూసుకుంట" అనేవాడు. ఆయన వెతుకుతుంటే నేను గుట్ట మీద ఆ రాయికి వీపు ఆనించి కూర్చునేదాన్ని. కొన్నాళ్లకు ఊళ్లో ఇంకో మాట పుట్టింది, తెగిన ముక్క ముందే దొరికితే ఆయనే కాల్చేశాడని. ఆ మాట ఆయన చెవిన పడ్డాక వెతకడం మానేశాడు. మోకు పేనించుకోవడానికి వచ్చేవాళ్లు అప్పటికే మానేశారు. నార కట్టలు గోడకు ఉన్నవి ఉన్నట్టే చెదలు పట్టాయి. ఆయన కేసముద్రం యార్డులో బస్తాలు మోయడానికి పోయాడు, ఆ మోకాలితో.

చెప్పొచ్చు కదా అంటారు మీరు. నాయిన చెప్పొచ్చు, నేను చెప్పొచ్చు. మోకు తెగలేదంటే మరెందుకు పడ్డావంటారు. దానికి జవాబు నేను. ఒకరోజు పెదనాయిన నాయినకు స్నానం చేయించి, ఎత్తి మంచం మీద వేసి, తన అరచేతులు చూసుకుంటూ, "నా చేతులు మంచియి కావు తమ్మీ. నిన్ను గిట్ల జేసినయి" అన్నాడు. నాయిన ముఖం గోడ వైపు తిప్పుకుని భుజాలు అదిరేట్టు ఏడ్చాడు. నేను చెంబుతో నీళ్లు పట్టుకుని గడపలో నిలబడ్డాను. నోరు తెరిచాను కూడా. నాయిన ఇటు తిరిగి నన్ను చూసి, తల అడ్డంగా ఒక్కసారి ఊపాడు. నేను నీళ్లు అక్కడ పెట్టి బయటికి వచ్చేశాను. ఆయన తల ఊపినందుకే అని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. కాదు, నాకు భయం. అంతే.

మళ్లీ మోదుగులు పూశాయి. నాయిన మంచాన్ని పగలంతా వాకిట్లో వేపచెట్టుకూ చూరుకూ మధ్య వేసేవాళ్లం.

"గద్దలు వచ్చినయా బిడ్డా?" అని అడిగాడు ఒకరోజు.

"రాలే నాయినా" అన్నాను. నేను గుట్ట వైపే పోలేదు.

"రాలేదా" అన్నాడు. నేను వంటింట్లోకి పోయి ఉల్లిగడ్డ కోస్తున్నాను. బయట నుంచి చప్పుడు. టక్. కాసేపటికి ఇంకోటి. టక్. కిటికీలోంచి చూస్తే ఆయన వెల్లకిలా పడుకుని, వేపకొమ్మలకూ చూరుకూ మధ్య కనబడే ఆ చారెడు ఆకాశంలోకి చూస్తూ వేలి కణుపుతో మంచంకోడు మీద కొడుతున్నాడు. నేను అబద్ధం చెప్పానని ఆయనకు తెలుసు. ఆ ఏడు ఆయన లెక్క ఎంతకు చేరిందో నేనడగలేదు, ఆయన చెప్పలేదు. అలా నాలుగు వసంతాలు. నాలుగోదాని మధ్యలో, కాముని పున్నమ పోయి రంగులు ఇంకా గోడల మీద ఉండగానే, మంచంకోడు మీద చప్పుడు ఆగిపోయింది.

పెళ్లయి హన్మకొండకు వచ్చేటప్పుడు బండ సందులోంచి మోకు తీసి రేకుపెట్టె అడుగున పెట్టుకున్నాను. అమ్మ ఉన్నన్నాళ్లూ చెప్పే ధైర్యం రాలేదు. అమ్మ పోయి రెండేళ్లయింది. పోయిన నెల బియ్యం సంచిలో మోకు పెట్టుకుని ఊరికి బస్సెక్కాను.

నల్లగుట్ట సగమే ఉంది. గ్రానైటు కోసం కోసుకుపోయిన సగం ఉన్నచోట పచ్చటి నీళ్లు నిలిచాయి. నేను కూర్చున్న బండ ఏ ఊరి ఏ ఇంటి వంటగట్టు అయిందో. తాటివనంలో ఇరవై చెట్లు కూడా లేవు, గద్దల తాడును కొట్టేసి మిరపతోట పెట్టారు. కాముని పున్నమ దగ్గరి రోజులే, బండ కాగే వేళే, తల ఎత్తుకుని అరగంట నిలబడ్డాను. ఒక్క గద్ద కూడా రాలేదు. టిప్పర్ల దుమ్ము మాత్రం లేస్తోంది.

పెదనాయిన తన కొడుకు ఇంటి ముందు సిమెంటు రోడ్డు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాడు. తొంభైకి దగ్గరున్నాడు, చూపు ఆనదు. మోకు తీసి ఒళ్లో పెట్టి, కింద కూర్చుని మొత్తం చెప్పాను. ఏ సంగతీ దాచలేదు. ఆయన వింటున్నాడో లేదో తెలియలేదు, వేళ్లు మాత్రం కదులుతున్నాయి. ఒక కొస నుంచి మొదలుపెట్టి, జానెడు జానెడు తడుముకుంటూ, తోలు కుట్టిన చోట ఆగి, ముడి దగ్గర ఆగి, రెండో కొస దాకా పోయాడు. మళ్లీ మొదటికి వచ్చాడు.

"తెగలే" అన్నాడు.

"తెగలే పెదనాయినా."

"నా ముడే ఇది." ముడి మీద బొటనవేలు ఆడించాడు. "నాకు ఒక్కనికన్న చెప్పకపాయె తమ్ముడు" అన్నాడు.

ఆయన కాళ్ల మీద తల పెట్టాను. తిట్టలేదు, లేవమనలేదు. ఆయన ధ్యాస నా మీద లేదు. రోడ్డు మీద ఎవరో పోతుంటే పిలిచి, "ఇగో, సూడు, తెగలే" అన్నాడు. ఆ మనిషి నవ్వి పోయాడు. నీళ్ల బిందెతో పోయే తన కోడలిని పిలిచి చెప్పాడు. మేకలు తోలుకుపోయే ఆమెను పిలిచి చెప్పాడు. నేను మధ్యాహ్నమంతా పక్కనే కూర్చుని చూశాను. మోకు తెగిందన్నవాళ్లు, ముక్క కాల్చేశాడన్నవాళ్లు, పేనించుకోవడం మానేసినవాళ్లు, వాళ్లలో ఒక్కరు కూడా ఇప్పుడు లేరు. ఈ రోడ్డు మీద పోయేవాళ్లకు మోకు తెగిందన్న సంగతే తెలియదు.

నా బస్సు వేళకు ఒక కుర్రవాడు బైకు ఆపి ఫోను చూసుకుంటున్నాడు. పెదనాయిన మోకు ఒక కొస అతని చేతికి అందించాడు.

"గుంజి సూడు బిడ్డా, గట్టిగ గుంజు."

కుర్రవాడు ఒంటిచేత్తో మర్యాదకు ఒకసారి గుంజి, "గట్టిగనే ఉంది తాతా" అని బండి స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయాడు.